ఎర్త్ తీగ: టెలిగ్రాఫ్ నుంచి ఇంటి జనరేటర్ దాకా

1838లో జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ ఆగస్ట్ ఫాన్ స్టైన్‌హైల్ న్యూరెంబర్గ్-ఫ్యుర్త్ రైలుమార్గం మీద ఒక ప్రయోగం చేశాడు. రెండు పట్టాలనూ టెలిగ్రాఫ్ తీగలుగా వాడాలని ఆయన ఆలోచన. కరెంటు ఒక పట్టా నుంచి నేలలోకి దిగి రెండో పట్టాకు చేరిపోతుండటంతో ఆ ఆలోచన పారలేదు. అయితే నేలే అంత బాగా కరెంటును మోస్తున్నప్పుడు తిరుగుదారికి మరో తీగ ఎందుకన్న ఆలోచన అక్కడే తట్టింది. ఒక్క తీగ లాగి రెండు చివర్లా లోహపు పలకలు పాతితే సరిపోయింది. ఎర్త్ మొదట చేసింది తీగ ఖర్చు తగ్గించే పని.

ప్రాణం కాపాడే పని తర్వాత వచ్చింది. మన వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్‌ను భూమికి కలుపుతారు. ఫ్రిజ్‌లో ఫేజ్ తీగ ఊడి బాడీకి తగిలితే, ఆ కరెంటు ఎర్త్ గుండా ఆ న్యూట్రల్‌కు చేరుతుంది. కరెంటు ఎప్పుడూ తాను బయలుదేరిన చోటికే తిరిగి వెళ్తుంది. భూమి దానికి దారి మాత్రమే. ఆ దారి కూడా ఇరుకే. ఎర్త్ పిట్ నిరోధం 10 ఓములుంటే 230 వోల్టుల దగ్గర పారేది 23 ఆంపియర్లు. కరెంటు మితిమీరితే ఆపేయాల్సిన 32 ఆంపియర్ల ఎంసీబీ దానికి కదలదు.

మనిషిని పట్టి వదలకుండా చేయడానికి ఇందులో వెయ్యో వంతు కూడా అక్కర్లేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చార్లెస్ డాల్జియెల్ స్వచ్ఛందంగా వచ్చినవారిపై పరీక్షలు జరిపి, సుమారు 16 మిల్లీఆంపియర్ల దగ్గరే సగటు మగవాడు పట్టుకున్న తీగను వదలలేకపోతాడని తేల్చాడు. 1960ల్లో ఆయన రూపొందించిన రక్షణ పరికరానికి దగ్గరి చుట్టమే మన ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటునూ తిరిగొచ్చిన కరెంటునూ పోల్చి, 30 మిల్లీఆంపియర్లు తేడా వస్తే ట్రిప్ అవుతుంది.

ఇప్పుడు జనరేటర్ సంగతి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖ రోజుల తరబడి చీకట్లో ఉంది. అలాంటప్పుడు నీళ్ల మోటారుకో ఫ్రిజ్‌కో చిన్న పెట్రోలు జనరేటరే దిక్కు. ఛేంజోవర్ స్విచ్ ఫేజ్, న్యూట్రల్ రెండింటినీ జనరేటర్ వైపు తిప్పగానే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరున్న ఎర్త్ బంధం తెగిపోతుంది. చాలా చిన్న జనరేటర్లలో న్యూట్రల్‌ను బాడీకి కలిపి ఉంచరు. అప్పుడు ఫేజ్ తీగ ఫ్రిజ్ బాడీకి తగిలినా ఏమీ జరగదు, ఆర్‌సీసీబీ పలకదు. ప్రమాదం అక్కడే దాక్కుంటుంది. ఆ క్షణం నుంచి న్యూట్రల్‌కూ నేలకూ మధ్య 230 వోల్టులుంటాయి. ఇంట్లో ఎవరి చెయ్యి న్యూట్రల్ మీద పడినా షాక్ కొడుతుంది. ఆర్‌సీసీబీ గుండా వెళ్లినంతా తిరిగి వస్తోంది కాబట్టి అది అప్పుడూ ట్రిప్ కాదు.

ఒక్క ఇనుప కడ్డీ పాతి, జనరేటర్ బాడీకి తీగ చుట్టి ఎర్త్ అయిపోయిందనుకోవడం అందుకే పొరపాటు. ఛేంజోవర్ న్యూట్రల్‌ను కూడా తిప్పే ఇళ్లలో జనరేటర్ న్యూట్రల్‌ను దాని బాడీకీ ఇంటి ఎర్త్‌కూ కలపాలి. ఒక్కచోటే, ఆర్‌సీసీబీకి ముందే. తయారీదారు మాన్యువల్ అందుకు ఒప్పుకుంటోందో లేదో మొదట చూడాలి.

ఆర్‌సీసీబీ మీదున్న టెస్ట్ బటన్ నొక్కితే ట్రిప్ అయింది కదా అని ధీమా పడొద్దు. ఆ బటన్ ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య లోపలే కొంత కరెంటు పంపుతుంది. ఎర్త్ లేకపోయినా పనిచేస్తుంది. జనరేటర్ నడుస్తుండగా ఎలక్ట్రీషియన్ చేత ఫేజ్-ఎర్త్ మధ్య వోల్టేజీ కొలిపించండి. న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలిపే ఆ లింకు ఉంటే 230 దరిదాపుల్లో చూపాలి. లేకుంటే అంతకన్నా బాగా తక్కువగా, నిలకడ లేని అంకె కనబడుతుంది.

రెండువైపులా పిన్నులున్న వైరుతో జనరేటర్‌ను గోడ సాకెట్‌కు కలపడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయవద్దు. ఆ కరెంటు వీధిలోకి వెళ్లి, ట్రాన్స్‌ఫార్మర్‌ను వెనక నుంచి దాటి 11,000 వోల్టులుగా మారవచ్చు. కరెంటు లేదనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం పోతుంది. తుపాన్ల కాలం రాకముందే ఛేంజోవర్ పెట్టించండి, లింకు ఉందో లేదో పరీక్ష చేయించండి.