జడ అల్లిన స్పీకర్ వైరు

కంప్యూటర్లకు వాడే క్యాట్-5 నెట్‌వర్క్ కేబుల్ ముక్కలు మూడింటిని జడలా అల్లి ఆంప్లిఫయరుకూ స్పీకరుకూ మధ్య బిగించడం పాటల పిచ్చివాళ్లు చాలాకాలంగా ఇంట్లో చేసుకుంటున్న పని. అల్లికలో నిజంగానే ఒక భౌతికశాస్త్ర సూత్రం దాగుంది. అది చెవిదాకా ఎంత చేరుతుందో లెక్కకట్టి చూడాలి.

ఒక్కో కేబుల్లో ఎనిమిది సన్నతీగలు నాలుగు జంటలుగా మెలిపడి ఉంటాయి. మూడింట్లో పన్నెండు జంటలు. నిండు రంగు తీగలన్నీ ప్లస్‌కు, వాటి జతగా ఉన్న తెల్ల తీగలన్నీ మైనస్‌కు కలపాలి. తీగ ఒక్కొక్కటీ 0.2 చదరపు మిల్లీమీటర్లు కాబట్టి పన్నెండూ కలిస్తే ఇంటి వైరింగులో వాడే 2.5 స్క్వేర్ ఎంఎం వైరంత అవుతుంది. 5 మీటర్ల దూరానికి పోనూ రానూ రెసిస్టెన్స్ 0.07 ఓమ్‌లే. మామూలు 2.5 వైరు వేసినా ఇంతే. అల్లినంత మాత్రాన రాగి పెరగదు కదా!

మారేది ఇండక్టెన్స్. పోయే కరెంటూ తిరిగొచ్చే కరెంటూ ఒకదాన్నొకటి ఆనుకుని నడిస్తే వాటి అయస్కాంత క్షేత్రాలు చాలావరకు రద్దవుతాయి. ఒక కేబుల్ మొత్తాన్ని ప్లస్‌కు, మరోదాన్ని మైనస్‌కు ఇచ్చేవాళ్లు ఈ లాభాన్ని చాలావరకు పోగొట్టుకుంటారు. పక్కపక్కన నడిచే మామూలు జంటవైరులో 5 మీటర్లకు దాదాపు 3 మైక్రోహెన్రీలు ఉంటాయి. 20,000 హెర్ట్జ్ దగ్గర అది 0.4 ఓమ్‌ల అడ్డు. అయితే ఈ అడ్డు స్పీకర్ రెసిస్టెన్స్‌కు లంబకోణంలో కలుస్తుంది కాబట్టి 8 ఓమ్‌లు కాస్తా 8.01 అవుతుంది, అంతే. ఏ చెవికీ అది అందదు. 4 ఓమ్‌ల స్పీకరు, 15 మీటర్ల వైరు అయితే మాత్రం పైస్థాయి స్వరాల్లో కొలవదగ్గ తేడా వస్తుంది. అల్లికకు సరైన చోటు అదే.

దీనికి మూల్యం కెపాసిటెన్స్. జంటకు మీటరుకు 50 పికోఫారడ్లు చొప్పున పన్నెండు జంటలకు 600. జంటల మధ్య ఏర్పడేది అదనం. ఇంత భారాన్ని కొన్ని ఆంప్లిఫయర్లు తట్టుకోలేవు. వినపడని ఎత్తు పౌనఃపున్యంలో ఊగిసలాడి వేడెక్కుతాయి, ట్వీటరును కూడా కాల్చేయగలవు. అందుకే స్పీకర్ టెర్మినళ్ల మధ్య 10 ఓమ్‌ల రెసిస్టరు, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు వరసగా కలిపి పెట్టడం మంచిది. జోబెల్ నెట్‌వర్క్ అంటారు. అల్లిక కంటే ముందు చేయాల్సిన మార్పు ఇదేనని నా అభిప్రాయం.

కొనేటప్పుడు తీగను బ్లేడుతో గీకండి. లోపల వెండిరంగు కనిపిస్తే అది రాగిపూత అల్యూమినియం. దాని రెసిస్టెన్స్ రాగికంటే ఒకటిన్నర రెట్లు పైమాటే. ఇరవైనాలుగు తీగల్లో ఒక్కటి తారుమారైనా షార్టే కనుక ఆంప్లిఫయరుకు బిగించకముందే, స్పీకరు కలపకుండా, మల్టీమీటరుతో ప్లస్-మైనస్‌ల మధ్య చూడండి. బీప్ వినపడకూడదు.