గ్లాసుడు నీళ్ళకు ఎందరు ఇంజనీర్లు?

మీ ముందు బల్లమీద గ్లాసుతో నీళ్ళున్నాయనుకోండి. చెయ్యి చాచి తీసుకుని తాగేస్తారు. క్షణంలో అయిపోయే పని. సరే, ఇదే పని ఒక యంత్రం చేత చేయించాలి. ఎక్కడ మొదలుపెడతారు?

ముందు గ్లాసు ఎక్కడుందో చూడాలి. దానికి కెమెరా కావాలి. కెమెరా ఇచ్చిన బొమ్మలో గ్లాసు ఏది, దాని నీడ ఏది, వెనకనున్న గోడ ఏది అన్నది తేల్చాలి. అది కంప్యూటరు ప్రోగ్రాం రాసేవారి పని. తరువాత చెయ్యి చాచాలి. మన ఎముకలకు, కీళ్ళకు బదులు లోహపు కడ్డీలు, మడతబందులు కావాలి. అది మెకానికల్ ఇంజనీరు పని. కండరాలకు బదులు మోటార్లు కావాలి. అది ఎలక్ట్రికల్ ఇంజనీరు పని. గ్లాసును వదులుగా పట్టుకుంటే జారిపోతుంది, గట్టిగా నొక్కితే పగిలిపోతుంది. ఎంత బలం చాలునో క్షణక్షణం లెక్క కట్టాలంటే గణితం రావాలి. అసలు మన చెయ్యి ఈ పని ఎలా చేస్తుందో తెలియాలంటే జీవశాస్త్రజ్ఞుణ్ణి అడగాలి.

చూశారా! గ్లాసుడు నీళ్ళ కోసం విశ్వవిద్యాలయంలో ఎన్ని శాఖల తలుపులు తట్టాలో! ఆ శాఖల భవనాలు వేరు, పుస్తకాలు వేరు. ఒక్కోసారి మాటలకు అర్థాలు కూడా వేరు.

ఎవరి ఎడమ?

కెమెరా సంగతి చూసే ఆయన, "గ్లాసు 20 సెంటీమీటర్లు ఎడమకు ఉంది" అంటాడు. చేతి సంగతి చూసే ఆవిడ యంత్రపు చేతిని 20 సెంటీమీటర్లు ఎడమకు జరుపుతుంది. చెయ్యి వెళ్ళి గాలిని పట్టుకుంటుంది! తప్పెవరిది? ఎవరిదీ కాదు. ఆయన కెమెరా మధ్యనుంచి కొలిచాడు. ఆవిడ భుజం నుంచి కొలిచింది.

గ్రాఫు కాగితం మీద మీరు ఎక్స్, వై అక్షాలు గీస్తారు కదా! మూలబిందువును జరిపితే, బిందువు కదలకపోయినా దాని నిరూపకాలు మారిపోతాయి. ఇక్కడ జరిగింది అదే. ఇద్దరూ ఒకే మూలబిందువుకు ఒప్పుకుంటే తప్ప రోబోకు నీళ్ళు అందవు. యంత్రంలో భాగాలను కలపడానికి ముందు, వాటిని తయారు చేసే మనుషులను కలపాలన్నమాట.

ఈ పనికి పూనుకున్నవారిలో ఒక తెలుగువాడు ఉన్నాడు.

కాటూరు నుంచి పిట్స్‌బర్గ్‌కు

1937లో అప్పటి చిత్తూరు జిల్లాలోని కాటూరు అనే పల్లెలో దబ్బల రాజగోపాల రెడ్డి పుట్టారు. వారి కుటుంబంలో కాలేజీ మెట్లెక్కిన మొదటివాడు ఆయనే. మద్రాసులోని గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో 1958లో పట్టం పుచ్చుకున్నారు. అక్కడినుంచి ఆస్ట్రేలియా, ఆపైన అమెరికా వెళ్ళి, 1966లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందారు. ప్రపంచమంతా ఆయనను రాజ్ రెడ్డి అంటుంది. 1969లో పిట్స్‌బర్గ్ నగరంలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో చేరారు.

మనిషి మాటను కంప్యూటరు అర్థం చేసుకోవాలన్నది ఆయన పట్టుదల. 1970లలో ఆయన బృందం 'హియర్సే' అనే ప్రోగ్రాములు తయారు చేసింది. అవి విన్నది ఇంగ్లీషే అయినా, రెండవ హియర్సే పనిచేసే పద్ధతిని మన భాషలో చెప్పుకుందాం.

"అమ్మ పాలు తాగమంది" అని ఎవరో అన్నారు. ధ్వనులు తెలిసిన భాగం, "రెండవ మాటలో మొదటి అక్షరం 'పా' కావచ్చు, 'బా' కావచ్చు" అని ఒక నల్లబల్ల మీద రాస్తుంది. మాటలు తెలిసిన భాగం దాన్ని చూసి, "అయితే 'పాలు' కావాలి, లేదా 'బాలు' కావాలి" అని రాస్తుంది. వాక్యం తెలిసిన భాగం చివరిదాకా చూసి, "తాగేది పాలను గాని బాలును కాదు" అని తేల్చేస్తుంది! ఏ ఒక్క భాగానికీ అంతా తెలియదు. కాని అందరూ ఒకే నల్లబల్ల మీద రాస్తారు, అందరూ దాన్ని చదువుతారు. నల్లబల్ల అంటే ఇక్కడ కంప్యూటరు జ్ఞాపకంలో అందరికీ అందే చోటు.

1979లో అదే విశ్వవిద్యాలయంలో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడింది. రాజ్ రెడ్డి దాని మొదటి డైరెక్టరు. 1991 దాకా ఆయనే నడిపారు. కంప్యూటర్లవారు, యంత్రాలవారు, విద్యుత్తువారు అందులో కలిశారు. ఆ ఇన్‌స్టిట్యూటే ఒక పెద్ద నల్లబల్ల అనవచ్చు. 1988లో అక్కడ రోబోటిక్స్‌లోనే పిహెచ్.డి. చదువు మొదలైంది. 1994లో రాజ్ రెడ్డికి, ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌కు కలిపి ట్యూరింగ్ బహుమతి ఇచ్చారు. కంప్యూటరు శాస్త్రంలో అంతకు మించిన బహుమతి లేదు.

మనిషి దిగలేని నేలమాళిగ

ఇన్‌స్టిట్యూట్ పుట్టిన 1979లోనే, మార్చి 28న, అదే పెన్సిల్వేనియా రాష్ట్రంలోని త్రీ మైల్ ఐలండ్ అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగింది. చల్లబరిచే నీరు తగ్గిపోయి, రియాక్టరు గర్భంలో సుమారు సగం కరిగిపోయింది. భవనం కింది నేలమాళిగ రేడియోధార్మికత ఉన్న నీటితో నిండింది. లోపల ఏముందో తెలియందే శుభ్రం చెయ్యడం కుదరదు. తెలుసుకోవడానికి మనిషి దిగితే ప్రాణానికే ముప్పు. మరి ఎవరు వెళ్ళాలి?

ఆ పనికి ముందుకు వచ్చింది విలియం విట్టేకర్ బృందం. ఆయన చదివింది సివిల్ ఇంజనీరింగు. అవును, వంతెనలు, భవనాలు కట్టే శాస్త్రమే! రోబోలతో ఆయనకేం పని అంటారా? కాంక్రీటు గోడల సంగతి సివిల్ ఇంజనీరుకు కాక ఎవరికి తెలుస్తుంది? కాని ఆ ఒక్క చదువూ చాలదు. శిథిలాల మధ్య నడిచే చక్రాలు కావాలి, చీకట్లో చూసే కెమెరాలు కావాలి, దూరం నుంచి నడిపే ఏర్పాటు కావాలి. పైకి తీశాక యంత్రాన్నే కడిగి శుభ్రం చెయ్యగలగాలి. వీటిలో ఏది తప్పినా యంత్రం అక్కడే ఆగిపోతుంది. దాన్ని తీసుకురావడానికి ఎవరూ దిగలేరు.

1984లో వారి రోబో ఆ నేలమాళిగలోకి దిగింది. ప్రమాదం తరువాత అక్కడికి వెళ్ళిన మొదటి వాహనం అదే. అది పంపిన దృశ్యాలను పైనున్నవారు క్షేమంగా కూర్చుని చూశారు. గోడల్లోకి విషం ఎంత లోతుకు ఇంకిందో తెలుసుకోవడానికి, కాంక్రీటును తొలిచి ముక్కలు తెచ్చే రోబోను కూడా ఆ బృందమే చేసింది.

1995లో అక్కడివారే 'నావ్‌ల్యాబ్ 5' అనే కారును పిట్స్‌బర్గ్ నుంచి శాన్ డియాగో దాకా, సుమారు 4,580 కిలోమీటర్లు, నడిపించారు. దారిలో 98.2 శాతం మేర స్టీరింగు తిప్పింది కంప్యూటరే. బ్రేకు, వేగం మాత్రం మనుషులు చూసుకున్నారు. ప్రోగ్రాంలో తప్పుంటే ముందు కుదుపు తగిలేది కారులో కూర్చున్న పరిశోధకులకే!

మీరే రోబో అవండి

చదివింది నమ్మకండి, చేసి చూడండి. ముగ్గురు స్నేహితులు కలవండి. ఒకరు 'చెయ్యి': కళ్ళకు గంతలు కట్టుకుని, చెప్పినట్లే కదలాలి. ఒకరు 'కన్ను': బల్లను చూస్తూ, గ్లాసు ఎక్కడుందో, చెయ్యి ఎక్కడుందో మాత్రమే చెప్పాలి. మూడోవారు 'మెదడు': బల్లకు వీపు పెట్టి, కన్ను చెప్పింది విని చేతికి ఆజ్ఞలివ్వాలి. స్టీలు గ్లాసునే వాడండి. నీళ్ళు సగమే పోయండి. కన్ను, చెయ్యి ఎదురెదురుగా కూర్చోవాలి.

మొదటిసారి చెయ్యి గ్లాసుకు రెండోవైపు పోతుంది. నవ్వుకుంటారు, ఆపైన పోట్లాడుకుంటారు. "ఎడమ అంటే ఎవరి ఎడమ?" అని ఎవరో ఒకరు అడుగుతారు. అప్పుడు ఆగి, ముగ్గురూ కలిసి ఒక కాగితం మీద నియమాలు రాసుకోండి. మళ్ళీ ప్రయత్నించండి.

ఎన్నోసారికి నీళ్ళు నోటికి అందాయో లెక్క పెట్టండి. ఆ కాగితాన్ని మాత్రం పారేయకండి. అదే మీ మొదటి నల్లబల్ల.