అరచేతిలో పాత పీసీ

మైక్రోప్రాసెసర్ ల్యాబ్‌లో 8086 ప్రోగ్రాములు రాసిన ప్రతివాళ్లకీ డాస్‌బాక్స్ తెలుసు. నిజానికి అది పుట్టింది మన ల్యాబ్ కోసం కాదు, పాత డాస్ ఆటల కోసం. అది ఉచితంగా దొరుకుతుంటే, కొందరు పనిగట్టుకుని అరచేతిలో పట్టేంత "కొత్త పాత పీసీలు" తయారు చేస్తున్నారు. వీసీ, టైనీలామా అలాంటివే. ఎందుకీ తంటా అని నాకూ అనిపించింది. తీరా చదివితే ఇదంతా మన సిలబస్ కథే!

డాస్ ఆట ఆపరేటింగ్ సిస్టమ్‌ని బతిమాలదు, నేరుగా హార్డ్‌వేర్‌తో మాట్లాడుతుంది. సౌండ్ బ్లాస్టర్ కావాలంటే పోర్ట్ 220 హెక్స్, ఐఆర్‌క్యూ 5 లేదా 7, డీఎంఏ ఛానల్ 1. మన ల్యాప్‌టాప్‌లో ఆ తలుపు కొట్టినా పలికేవాళ్లు ఉండరు. పైగా 64 బిట్ విండోస్ 16 బిట్ ప్రోగ్రాముల్ని నడపదు. విండోస్ 11 వచ్చిందే 64 బిట్‌లో.

రెండో చిక్కు వేగం. 1981 నాటి ఐబీఎం పీసీ వేగం 4.77 మెగాహెర్ట్జ్. కొన్ని ఆటలు ఆ వేగాన్నే గడియారంగా వాడుకున్నాయి. వేగమైన మెషీన్‌లో పెడితే కన్ను మూసి తెరిచేలోగా గేమ్ ఓవర్. టర్బో పాస్కల్‌లో రాసినవైతే ఇంకా వింత. మొదట్లోనే ఒక టైమర్ టిక్‌లో లూప్ ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి, 55తో భాగిస్తాయి. ప్రాసెసర్ మరీ వేగమైతే భాగఫలం 16 బిట్లలో పట్టదు. అంతే, రన్‌టైమ్ ఎర్రర్ 200!

ఈ చిన్న బోర్డులు రెండు చిక్కులకీ ఒకేచోట మందు వేస్తాయి. వీటి గుండె వోర్టెక్స్86. తైవాన్‌లో డీఎంపీ అనే సంస్థ ఫ్యాక్టరీ యంత్రాల లాంటి వాటి కోసం చేసే 32 బిట్ ఎక్స్86 చిప్. ఐఎస్ఏ బస్ ఇందులో ఇంకా బతికే ఉంది కాబట్టి, అసలైన పాత సౌండ్ చిప్‌ని బోర్డు మీదే కూర్చోబెట్టొచ్చు. క్లాక్ తగ్గించి, క్యాష్ ఆపేస్తే పాత కాలపు వేగానికి దిగొస్తుంది. టర్బో బటన్ పని సాఫ్ట్‌వేర్ చేస్తుందన్నమాట. టైనీలామాలో రాస్‌ప్బెర్రీ పై జీరో 2కి కూడా చోటుంది. 1987లో వచ్చిన రోలాండ్ ఎంటీ-32 సింథసైజర్‌ని అది అనుకరిస్తుంది.

మరి డాస్‌బాక్స్ చాలదా? ఆడుకోవడానికైతే చాలు, ముందు దానితోనే మొదలుపెట్టండి. డూమ్ మొదటి ఎపిసోడ్ షేర్‌వేర్, ఉచితంగా ఆడొచ్చు. ఈ బోర్డుకేమో విడిభాగాలు తెప్పించాలి, సోల్డరింగ్ చెయ్యాలి, చెయ్యి కాల్చుకోవాలి. అంతా చేశాక కూడా 1996 నాటి క్వేక్ లాగా ఫ్లోటింగ్ పాయింట్ మీద ఆధారపడే ఆటలు సాఫీగా సాగుతాయని ఆశపడొద్దు.

కానీ నా దృష్టిలో అసలు విషయం ఆట కాదు. పాత మదర్‌బోర్డుల మీద బ్యాటరీలు కారుతున్నాయి, కెపాసిటర్లు పాడవుతున్నాయి. పాడైనవి తుక్కులోకి పోతున్నాయి. ఆ యంత్రాలు పోయాక, అవి ఎలా పనిచేసేవో తెలిసినవాళ్లు కూడా లేకపోతే, డాస్‌బాక్స్ లాంటిది బాగుచేసేది ఎవరు? ఎమ్యులేటర్ రాయాలన్నా, బోర్డు గియ్యాలన్నా ఎవరో ఒకరు ఆ పోర్టుల్ని, టైమర్లని అర్థం చేసుకునే ఉండాలి కదా.

టైనీలామా స్కీమాటిక్, పీసీబీ ఫైళ్లు అందరికీ తెరిచే ఉన్నాయి. రెడీమేడ్ మినీ ప్రాజెక్ట్ కొనే డబ్బుకి బదులు, ఒక్క సాయంత్రం ఆ స్కీమాటిక్ ముందు కూర్చోండి. ఐఎస్ఏ అడ్రస్ లైన్లు సౌండ్ చిప్‌కి ఎలా వెళ్తున్నాయో వేలితో గీసుకుంటూ పోండి. అడ్రస్ డీకోడింగ్ అనే మాట మనం పరీక్ష కోసం బట్టీపట్టిందేనా అనిపిస్తుంది.