రాగి వల్ల ఆక్సీకరణ ఒత్తిడి – ప్రోటీన్ల మరమ్మతు

కొన్ని ఎంజైములకు రాగి అవసరమని మీకు తెలుసు. అదే రాగి కణంలో ఏ ప్రోటీనుకూ బంధించబడకుండా మిగిలితే హాని చేస్తుంది. క్యూప్రస్ అయాన్ హైడ్రోజన్ పెరాక్సైడుతో చర్య జరిపి, అతి చురుకైన హైడ్రాక్సిల్ రాడికల్‌ను ఏర్పరుస్తుంది.

ప్రోటీన్లలో సులభంగా ఆక్సీకరణం చెందే అమైనో ఆమ్లాలలో మిథియోనిన్ ఒకటి. దాని గంధక పరమాణువుకు ఒక ఆక్సిజన్ చేరితే మిథియోనిన్ సల్ఫాక్సైడు ఏర్పడుతుంది. ఈ నష్టం శాశ్వతం కాదు. మిథియోనిన్ సల్ఫాక్సైడ్ రిడక్టేజ్ ఎంజైములు ఆ ఆక్సిజన్‌ను తొలగించి మిథియోనిన్‌ను తిరిగి ఏర్పరుస్తాయి. సల్ఫాక్సైడుకు ఉన్న రెండు రూపాలలో 'ఎస్' రూపాన్ని ఎంఎస్ఆర్-ఎ, 'ఆర్' రూపాన్ని ఎంఎస్ఆర్-బి సరిచేస్తాయి. వీటికి సాధారణంగా థయోరిడాక్సిన్ ఎలక్ట్రాన్లను అందిస్తుంది.

ఉదాహరణకు ఈ. కోలై బాక్టీరియాను తీసుకుందాం. దాని రెండు పొరల మధ్య ఉండే కస్-ఎఫ్ ప్రోటీన్ రాగిని పట్టి, బయటికి పంపే వ్యవస్థకు అప్పగిస్తుంది. రాగిని పట్టడంలో దానిలోని మిథియోనిన్లు కీలకం. అవి ఆక్సీకరణం చెందితే కాపలాదారే దెబ్బతిన్నట్లు. అక్కడ ఎంఎస్ఆర్-పి అనే ఎంజైము రెండు రూపాలనూ సరిచేస్తుంది. రాగి పెరిగితే దాని ఉత్పత్తి కూడా పెరుగుతుంది.

గమనిక: కార్బొనైల్ సమూహాలు ఏర్పడిన ప్రోటీన్లను ఈ ఎంజైములు బాగుచేయలేవు. అలాంటివాటిని కణం సాధారణంగా విచ్ఛిన్నం చేస్తుంది.

స్వయం సమీక్ష: కస్-ఎఫ్ మరమ్మతు ఆగిపోతే కణంలో రాగి వల్ల కలిగే హాని ఎందుకు పెరుగుతుంది?