ప్లాను దశలోనే ప్రాణరక్షణ

భవన నిర్మాణం అనగానే గుర్తుకు వచ్చేది ఆర్కిటెక్టు. ఆ ప్లాను నిబంధనలకు లోబడి ఉన్నదీ లేనిదీ పరిశీలించే భవన నియమావళి సలహాదారు గురించి తెలిసినవారు తక్కువ.

జాతీయ భవన నిర్మాణ నియమావళి తొలిసారి 1970లో వెలువడింది. 1983, 2005, 2016 సంవత్సరాల్లో దానిని సవరించారు. ఇది స్వతహాగా సిఫార్సు మాత్రమే. రాష్ట్రాలు తమ నిబంధనల్లో చేర్చుకున్న మేరకే తప్పనిసరి అవుతుంది. అందుచేత జాతీయ నియమావళిని, రాష్ట్ర నిబంధనలను, అగ్నిమాపక శాఖ షరతులను కలిపి చూడవలసి ఉంటుంది. ఈ సమన్వయమే సలహాదారు బాధ్యత.

భవనాన్ని ఎందుకు వాడతారు, ఎందరు ఉంటారు, ఎత్తు ఎంత అన్నవి ముందుగా తేల్చుకోవాలి. మెట్ల వెడల్పు, ద్వారాల సంఖ్య వాటిపైనే ఆధారపడతాయి. ఉదాహరణకు పాఠశాలల మెట్లు కనీసం 1.5 మీటర్ల వెడల్పు ఉండాలి. లిఫ్టును అత్యవసర మార్గంగా లెక్కించరాదు. రెండు మెట్లదారులూ పక్కపక్కనే ఉంటే ఫలితం ఉండదు. పొగ కమ్మితే రెండూ ఒకేసారి మూసుకుపోతాయి.

2025 మే 18న హైదరాబాద్ గుల్జార్‌హౌజ్ అగ్నిప్రమాదంలో 17 మంది మరణించారు. లోపలికి, బయటికి ఇరుకైన ఒకే దారి ఉండటం సహాయక చర్యలకు అవరోధమైంది.

కట్టిన భవనానికి రెండో మెట్లదారి జోడించడం వ్యయప్రయాసలతో కూడిన పని. కాగితంపై గీత మార్చడం సులభం. కాబట్టి అనుమతికి దరఖాస్తు చేయకముందే సలహా తీసుకోవాలి. నివాస గృహాన్ని ఆసుపత్రిగానో, వసతిగృహంగానో మార్చేటప్పుడు మరోసారి పరిశీలన చేయించుకోవడం యజమానుల కర్తవ్యం.