పలాసలో స్విచ్ - విశాఖలో తాళంచెవి

స్విచ్ అనగానే మీకు గోడకున్న దీపం మీట గుర్తుకొస్తుంది. కంప్యూటర్ గదుల్లో మరో రకం స్విచ్ ఉంటుంది. అదొక చిన్న పెట్టె. దానికి వరసగా రంధ్రాలు, ఒక్కొక్క రంధ్రంలో ఒక తీగ, పక్కనే మిణుకుమనే దీపం. ఇదే నెట్‌వర్క్ స్విచ్. ఆ రంధ్రాలను పోర్టులంటారు.

దీని పనేమిటి? విజయనగరం జంక్షన్‌ను గుర్తు తెచ్చుకోండి. విశాఖ నుంచి వచ్చిన బండి అక్కడ శ్రీకాకుళం వైపు పోవచ్చు. బొబ్బిలి, పార్వతీపురం మీదుగా రాయగడ వైపూ పోవచ్చు. ఏ బండిది ఏ దారో ముందే తేల్చాలి గదా! స్విచ్ చేసేదీ ఇటువంటి పనే. నెట్‌వర్క్‌లో కలిసే ప్రతి యంత్రానికీ 48 బిట్ల చిరునామా ఒకటి ఉంటుంది. 48 రెళ్లను గుణించి చూడండి: సుమారు 281 లక్షల కోట్లు! ఏ చిరునామా ఏ పోర్టు వైపు ఉందో స్విచ్ గమనించి పట్టికలో రాసుకుంటుంది. సమాచారపు పొట్లం రాగానే పట్టిక చూసి సరైన పోర్టుకు పంపుతుంది. 1990లో ఈథర్‌నెట్ స్విచ్‌ను మొదట తయారుచేసిన అమెరికా సంస్థ పేరేమిటో తెలుసా? కల్పన! దాని స్థాపకుల్లో వినోద్ భరద్వాజ్ భారతీయ సంతతివారు.

సరే, స్విచ్ పలాసలో, ఇంజనీరు విశాఖపట్నంలో ఉన్నారనుకోండి. అప్పుడెలా? 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌కు ఇటువంటి అవసరమే వచ్చింది. దాని గాజుతీగలను విద్యుత్ స్తంభాల మీదుగా ఊరూరికీ లాగారు. నియంత్రణ కేంద్రాన్ని విశాఖపట్నంలో నెలకొల్పారు. అంత పెద్ద వలలో ప్రతి పెట్టె దగ్గరికీ మనిషి పరుగెత్తడం సాధ్యమా?

అందుకే స్విచ్‌కూ సొంతంగా ఒక ఐపీ చిరునామా ఇస్తారు. ఇంజనీరు ఆ చిరునామాకు ఆదేశం పంపుతాడు. గాజులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. కనుక 200 కిలోమీటర్ల ప్రయాణానికి సెకనులో వెయ్యోవంతు చాలు!

అయితే దారిలో దొంగలుంటారు. పాతదైన టెల్‌నెట్ పద్ధతిలో రహస్యపదం పోస్టుకార్డు మీద రాసినట్టు బయటికే కనబడుతుంది. 1995లో ఫిన్లండ్‌లో తాతు యులోనెన్ ఎస్.ఎస్.హెచ్. అనే పద్ధతి రూపొందించాడు. అందులో మాటలన్నీ గూఢలిపిలోకి మారిపోతాయి. దారిలో దొరికినా అర్థం కావు.

ఇంకో ప్రమాదముంది. ఇంజనీరు పొరపాటున తన ఆదేశాలు వచ్చే పోర్టునే మూసేస్తే? కూర్చున్న కొమ్మను నరుక్కున్నట్టే! తెరవమని చెప్పడానికి దారే ఉండదు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్‌కు ఇటువంటి గతే పట్టింది. మరమ్మతు సమయంలో ఇచ్చిన ఒక ఆదేశం వాళ్ల ప్రధాన మార్గాలన్నిటినీ తెంచేసింది. దూరం నుంచి సరిదిద్దే దారులూ వాటితోనే పోయాయి. చివరికి మనుషులే యంత్రాల దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. సుమారు ఆరు గంటలు సేవలు ఆగిపోయాయి.

దీనికొక చక్కని ఉపాయముంది. చాలా స్విచ్‌లకు రెండు జ్ఞాపకాలుంటాయి. ఒకటి నల్లబల్ల వంటిది. కరెంటు పోతే చెరిగిపోతుంది. రెండోది నోటుపుస్తకం వంటిది. రాసింది నిలిచి ఉంటుంది. కొత్త ఆదేశం ముందు నల్లబల్ల మీద మాత్రమే పడుతుంది. తెలివైన ఇంజనీరు మొదట, "పది నిమిషాల తర్వాత ఆగి మళ్లీ మొదలవు" అని స్విచ్‌కు చెబుతాడు. ఆ తర్వాతే మార్పు చేస్తాడు. అంతా బాగుంటే ఆ గడువును రద్దుచేసి, మార్పును నోటుపుస్తకంలోకి ఎక్కిస్తాడు. దారి తెగిందా, పది నిమిషాల్లో నల్లబల్ల చెరిగి, నోటుపుస్తకంలోని పాత అమరికే తిరిగొస్తుంది!

కాని స్తంభమే కూలితే ఏ ఆదేశమూ దాన్ని నిలబెట్టలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు శ్రీకాకుళం జిల్లాలో వేల విద్యుత్ స్తంభాలు నేలకొరిగాయి. అటువంటప్పుడు సాయానికి కబురు పంపడం ప్రాణాలతో ముడిపడిన పని. అందుకే ప్రతి చోటికీ రెండు దారులుండాలంటారు.

మీరే పరీక్షించండి. కాగితం మీద శ్రీకాకుళం, టెక్కలి, పలాస, ఇచ్ఛాపురాలను వరసగా గీతతో కలపండి. టెక్కలి, పలాసల మధ్య గీత చెరపండి. శ్రీకాకుళానికి ఎన్ని ఊళ్లు దూరమయ్యాయి? ఇప్పుడు శ్రీకాకుళాన్నీ ఇచ్ఛాపురాన్నీ వేరే గీతతో కలిపి మళ్లీ లెక్కించండి. ఒక్క గీత విలువ ఎంతో మీకే తెలుస్తుంది.