మందుపాతరలు: అరబ్బు ప్రజలకు కలిగిన నష్టం, షరీఅత్ దృష్టిలో బాధ్యత

భూమిలో పాతిపెట్టి, పైన అడుగు పడగానే ప్రేలే ఆయుధాన్ని తెలుగులో మందుపాతర అంటున్నాము. పాతర అంటే మన పల్లెల్లో రైతు ధాన్యం దాచుకొనే గొయ్యి. కరువు రోజులకు పనికివస్తాయని దానిలో జొన్నలో వడ్లో పోసి పైన మట్టి కప్పేవాడు. ఉర్దూలో ఈ ఆయుధం పేరు బారూదీ సురంగ్. అరబీలో లుగ్‌మ్, బహువచనం అల్‌గామ్. కోటగోడల క్రింద త్రవ్వే సొరంగానికి తుర్కులు వాడిన మాటే అరబీలోకి ఈ రూపంలో వచ్చింది. మూడు భాషల్లోనూ మాట ఒకే సంగతిని చెబుతున్నది: ఇది కంటికి కనపడకుండా దాచిపెట్టినది. ఆ దాపరికమే దీనిని తక్కిన ఆయుధాల నుండి వేరుచేస్తున్నది. కత్తి పట్టినవాడు ఇంటికి వెళితే కత్తి కూడా వెళ్ళిపోతుంది. మందుపాతర మాత్రం సంధి కుదిరినా, సైన్యం తరలిపోయినా, పాతినవాడు వృద్ధాప్యంలో పడక మీద కన్ను మూసినా అక్కడే వుంటుంది.

అరబ్బు దేశాలలో దీనివల్ల జరిగిన నష్టాన్ని మూడు ఉదాహరణలతో చూసి, తరువాత మన ఫుఖహా చెప్పిన సూత్రాల వెలుగులో బాధ్యత ఎవరిదో పరిశీలిద్దాము.

ఈజిప్టు: ఇతరుల యుద్ధం

1942 అక్టోబరు 23 నుండి నవంబరు 4 వరకు ఈజిప్టు పశ్చిమ ఎడారిలోని అల్ అలమైన్ వద్ద రోమెల్ నాయకత్వాన జర్మన్, ఇటాలియన్ సేనలు ఒకవైపు, మాంట్‌గోమరీ నాయకత్వాన బ్రిటిష్ సేనలు మరొకవైపు పోరాడాయి. బ్రిటిష్ పక్షాన మన భారత సైనికులూ వున్నారు. అక్కడి శ్మశానవాటికలో వారి స్మారకం నేటికీ వున్నది. రోమెల్ సైన్యం తన ముందు దాదాపు అయిదు లక్షల మందుపాతరలు పాతి, ఆ ప్రదేశాలను సైతాను తోటలని పిలుచుకున్నది. బ్రిటిష్ వారు కూడా తమ వంతు పాతారు. పశ్చిమ ఎడారిలో మిగిలినవి కోటిన్నరకు మించినవని ఈజిప్టు ప్రభుత్వం చెబుతూ వచ్చింది. ఈ లెక్కలో ప్రేలకుండా మిగిలిన ఫిరంగి గుండ్లు, బాంబులు కూడా చేరి వున్నాయి.

ఆ ఎడారి నిర్జన ప్రదేశం కాదు. ఔలాద్ అలీ తెగకు చెందిన బదూలు అక్కడ గొర్రెలు, మేకలు మేపుకుంటారు. చలికాలపు వాన మీద బార్లీ పండిస్తారు; అంజూరం, ఆలివ్ తోటలు పెంచుకుంటారు. జర్మనీతో గాని, బ్రిటన్‌తో గాని వారికి ఏ పేచీ లేదు. యుద్ధం తరువాత వారి బిడ్డలూ, మనుమలూ కాళ్ళూ ప్రాణాలూ పోగొట్టుకున్నారు. ఇసుక కదలటం వల్ల, వాగుల వరద వల్ల మందుపాతరలు పాతిన చోటనే వుండవు. నిన్న క్షేమంగా నడిచిన బాట ఈ రోజు క్షేమమని నమ్మటానికి వీలులేదు.

ఇక్కడ ఒక విషయం తెలుసుకోవాలి. మనుషులను ఉద్దేశించిన మందుపాతర ప్రేలటానికి కొద్ది కిలోల బరువు చాలు. చిన్నపిల్లవాని అడుగు కూడా చాలు. ట్యాంకులను ఉద్దేశించినదానికి సాధారణంగా నూరు కిలోలకు మించిన బరువు కావాలి. దాని మీద మేకలు సంవత్సరాల తరబడి నడిచినా ఏమీ కాదు. కాపరి ఆ నేలను నమ్ముతాడు. ఒకనాడు అదే నేల మీదికి ట్రాక్టరు వస్తుంది.

అల్జీరియా: ఏబది యేండ్ల తరువాత అందిన పటాలు

1954లో మొదలైన స్వాతంత్ర్య సమరంలో యోధులకు ట్యునీషియా, మొరాకోల నుండి సహాయం అందకుండా ఫ్రెంచి సైన్యం రెండు సరిహద్దుల వెంట విద్యుత్ తీగల కంచెలు కట్టి, వాటికి ఇరువైపులా మందుపాతరలు పాతింది. ట్యునీషియా వైపు కంచె 1957లో పూర్తయింది. అప్పటి ఫ్రెంచి రక్షణమంత్రి పేరిట దానిని మోరిస్ రేఖ అన్నారు. తరువాత షాల్ రేఖ దానికి తోడయింది. పాతినవి మొత్తం ఒక కోటి పది లక్షలని అల్జీరియా ప్రభుత్వ లెక్క.

1962లో స్వాతంత్ర్యం వచ్చింది. సరిహద్దు ఆవలికి పారిపోయిన కుటుంబాలు తిరిగివచ్చాయి. తిబస్సా, సూక్ అహ్రాస్, తిలిమ్‌సాన్ ప్రాంతాల రైతులకు తమ పొలాలే శత్రువులయ్యాయి. స్వతంత్ర దేశపు సైన్యం 1963లో తొలగింపు మొదలుపెట్టింది. పాతిన చోట్ల పటాలను ఫ్రాన్స్ అప్పగించినది 2007 అక్టోబరులో. అంటే పాతిన ఏబది యేండ్లకు. ఈ లోపల వేల మంది చనిపోయారు, వికలాంగులయ్యారు. అయినా అల్జీరియా పని విడువలేదు. 2016 చివరికి సరిహద్దు భూములను శుభ్రం చేసింది. పని అసాధ్యం కాదనటానికి ఇదే నిదర్శనం.

లెబనాన్: ఆలివ్ చెట్ల మధ్య

2006 జూలై 12 నుండి ఆగస్టు 14 వరకు జరిగిన యుద్ధంలో ఇస్రాయీల్ సైన్యం దక్షిణ లెబనాన్ మీద క్లస్టర్ బాంబులు కురిపించింది. ఒక్కొక్క క్లస్టర్ గుండు గాలిలో తెరుచుకొని పదులు, వందల చిన్న బాంబులను వెదజల్లుతుంది. అలా పడినవి నలభై లక్షల వరకు వుంటాయనీ, వాటిలో పది లక్షల వరకు ప్రేలకుండా మిగిలి వుంటాయనీ ఐక్యరాజ్యసమితి అంచనా వేసింది. వీటిలో 90 శాతం యుద్ధపు చివరి 72 గంటల్లో పడినవని సమితి అధికారి యాన్ ఎగెలాండ్ ఆనాడే ప్రకటించారు. అంటే కాల్పుల విరమణ ఖాయమైన తరువాత!

ఆ చిన్న బాంబుల్లో కొన్ని ఆలివ్, నారింజ కొమ్మల్లో తగులుకొని వుండిపోయాయి. కొన్నింటికి రిబ్బను ముక్క వ్రేలాడుతుంటే పిల్లలు ఆటవస్తువులనుకున్నారు. ప్రేలిన చోట్ల వివరాలను ఇస్రాయీల్ సమితి దళానికి ఇచ్చినది 2009 మే మాసంలో. ఈ దుర్ఘటనయే క్లస్టర్ బాంబులను నిషేధించే 2008 నాటి ఒడంబడికకు ముఖ్య కారణాలలో ఒకటి అయింది.

ఈ మూడే కాదు. 1991 తరువాత కువైట్ ఎడారి, ఇరాక్, యెమెన్, లిబియా అన్నీ ఈ బాధ ఎరిగినవే. సిరియాలో ప్రతి వసంతంలో పేదలు బాదియాలో కమ్అ ఏరటానికి పోతారు. కమ్అ అంటే వాన తరువాత నేలలో పుట్టే పుట్టగొడుగు వంటిది. మన్న్‌లో ఒక భాగమని సహీహ్ హదీసులో దానికి ప్రశంస వున్నది. దానిని ఏరబోయి మందుపాతరల వాత పడుతున్న కుటుంబాల వార్తలు ఏటేటా వస్తున్నాయి. 2024 డిసెంబరులో అసద్ ప్రభుత్వం కూలిన తరువాత ఇండ్లకు తిరిగివచ్చినవారిలోనూ వందల మంది ఇలాగే చనిపోయారు, గాయపడ్డారు.

ఫుఖహా ఏమంటారు?

మన ఫిఖ్హ్ గ్రంథాలలో మందుపాతర మాట వుండదు. దాని మూలసూత్రం మాత్రం వున్నది. హి.శ. 593లో పరమపదించిన ఇమాం మర్గీనానీ తన హిదాయాలో, మనిషి దారిలో కలిగించే అడ్డంకుల గురించి ఒక అధ్యాయమే వ్రాశారు. ప్రజల దారిలో బావి త్రవ్వినవాడు గాని, రాయి పెట్టినవాడు గాని, దానివల్ల ఎవరైనా మరణిస్తే బాధ్యుడే. చేతితో చంపలేదు గనుక ఖిసాస్ లేదు. కాని కారణమైనాడు గనుక దియత్ తప్పదు; దానిని అతని ఆఖిలా, అనగా అతని పక్షాన భారం మోసే బలగం, చెల్లించాలి. బావి త్రవ్వినవాడు ప్రమాద సమయంలో అక్కడ వుండనవసరం లేదు. చనిపోయినవాని మీద అతనికి పగ వుండనవసరం లేదు. మందుపాతరకు ఇంతకంటె దగ్గరి పోలిక ఏమి కావాలి?

ఒక ఆక్షేపణ రావచ్చు. పాలకుని అనుమతితో త్రవ్వినవానికి బాధ్యత లేదని అదే గ్రంథం చెబుతున్నది కదా, సైనికుడు పై అధికారి ఆజ్ఞతోనే పాతాడు కదా అని. కాని ఆ మినహాయింపు, ఆ దారి మీద అధికారం గల పాలకునికి సంబంధించినది. బదూల నేల మీద రోమెల్‌కు గాని, మాంట్‌గోమరీకి గాని ఏ విలాయత్ వున్నది? ఇక పాతినది స్వదేశపు పాలకుడే అయితే, ప్రజల మీద పాలకుని చర్య వారి మేలుతో ముడిపడి వుండాలని ఉస్మానీ మజల్లా స్పష్టంగా నిర్ణయించింది. తన పౌరుల పొలాల్లో ప్రమాదం పాతి, దాని జాడ చెప్పనివాడు ఏ మేలును చూపగలడు?

పటాలను దాచటం మరొక నేరం. సాక్ష్యాన్ని దాచినవాని హృదయం పాపంతో నిండినదని దివ్యఖుర్ఆన్ బఖరా సూరాలో హెచ్చరిస్తున్నది. అప్పు పత్రం విషయంలోనే ఇంత హెచ్చరిక వుంటే, ప్రాణాలు నిలబెట్టే సాక్ష్యాన్ని దాచటం ఎంతటి దోషమో పాఠకులే ఊహించగలరు.

మన కర్తవ్యం

మందుపాతర తయారీకి కొద్ది డాలర్లు చాలు. ఒక్కదానిని తీయటానికి వందల డాలర్లవుతాయి. తీసేవాడు మోకాళ్ళ మీద కూర్చొని జానెడు జానెడు నేలను పరీక్షించాలి. దారిలోని హానిని తొలగించటాన్ని మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఈమాన్ శాఖలలో చేర్చారు. దానిని అక్షరాలా ఆచరిస్తున్నవారు ఈ పనివారు.

ధనసహాయం చేయదలచినవారికి ఒక మస్అలా. హనఫీ మతం ప్రకారం జకాత్ సొమ్ము పేదవాని సొంతం కావాలి. దీనిని తమ్లీక్ అంటారు. కాబట్టి పేద వికలాంగునికి కృత్రిమ పాదం కొని అతని సొంతం చేస్తే జకాత్ చెల్లుతుంది. ఎదిగే పిల్లవానికి అది మళ్ళీ మళ్ళీ మార్చవలసి వుంటుంది గనుక ఒకసారి ఇచ్చి ఊరుకొంటే చాలదు. నేలను శుభ్రం చేసే ఖర్చుకు మాత్రం జకాత్ కాక, సదఖా, వఖ్ఫ్ సొమ్ము వాడాలి. ఆ నేల మీద తరువాతి తరాలు నడిచినంత కాలం అది సదఖయె జారియా అవుతుందని ఆశించవచ్చు.

మందుపాతరలను నిషేధించే ఒట్టావా ఒడంబడిక 1997 డిసెంబరులో సంతకాలకు వచ్చింది. అల్జీరియా, జోర్డాన్, యెమెన్, కువైట్ వంటి అరబ్బు దేశాలు చేరాయి. పాతినవారే తీయాలన్న నిబంధన దానిలో లేదన్న ఆక్షేపణతో ఈజిప్టు చేరలేదు. మన భారతదేశం కూడా చేరలేదు. 2025లో కొన్ని ఐరోపా దేశాలు దాని నుండి వైదొలగుతున్నట్లు నోటీసులు ఇచ్చాయి. ఈజిప్టు ఆక్షేపణలో న్యాయమున్నదని హిదాయాలోని బావి మస్అలా చదివిన ప్రతి విద్యార్థీ ఒప్పుకొంటాడు. అయితే పాతినవాడు దియత్ చెల్లించేవరకు దారిని అలాగే వదిలివేయమని ఏ ఫఖీహ్ కూడా చెప్పలేదు. బాధ్యుని నిలదీయటం ఒక విధి; దారిలోని హానిని తీసివేయటం మరొక విధి. మొదటిది నెరవేరలేదన్న కారణంతో రెండవది వాయిదా పడదు.